బస్తాలు మోసిన మనిషికి షుగరేంటి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది విజయవాడ, చిట్టినగర్ వైపు కొండమీద ఇల్లు. రోడ్డు నుంచి పైకి 180 మెట్లు. నాకు 22 ఏళ్ళు, బట్టల షాపులో సేల్స్‌లో చేస్తున్నాను. తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. నాన్నకి 47. పల్నాడు నుంచి వచ్చి పదేళ్ళు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోశాడు. నడుం పట్టేశాక ఇక్కడికొచ్చి ఆటో నడుపుతున్నాడు. సన్నగా ఉంటాడు, పొట్ట మాత్రం కాస్త కనబడుతుంది. రెండేళ్ళ క్రితం షుగర్, బీపీ అన్నారు. పోయిన వారం చూపిస్తే పరగడుపున 238, బీపీ 160/100. షుగర్‌కి రెండు రకాల మాత్రలు, బీపీకి ఒకటి ఇచ్చారు. ఒంట్లో బాగోనప్పుడే వేసుకుంటాడు. పది రోజులుగా కుడికాలి బొటనవేలి కింద చిన్న పుండు ఉంది, నొప్పి లేదంటాడు. అమ్మ భవానీపురంలో ఒక అపార్ట్‌మెంట్‌లో వంటా ఇంటిపనీ చేస్తుంది. ఆ ఇంటి మేడమ్‌గారికి పదిహేనేళ్ళుగా షుగర్, ఆవిడ బాగానే ఉన్నారు. నాన్న సంగతి చెబితే “మీవాళ్ళకి నోటి మీద కంట్రోల్ ఉండదు” అన్నారట. అమ్మ ఇంటికొచ్చి అదే మాట నాన్నని అంది. వారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు కదండీ, బస్తాలు మోసిన మనిషికి ఎందుకొచ్చింది? తప్పు నాన్నదేనా? ఊరికి వెళ్ళిపోతే తగ్గుతుందా? నాకూ తమ్ముడికీ కూడా వస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు కాలి సంగతి. మిగతాదంతా రేపు చదువుకున్నా నష్టం లేదు, ఇది మాత్రం ఈ పూటే.

పుండు ఉందన్నారు, నొప్పి లేదంటాడన్నారు. నన్ను భయపెట్టింది ఆ రెండో మాట. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. చెప్పు కరిచినా, మేకు గుచ్చుకున్నా తెలియదు. రెండేళ్ళ క్రితం షుగర్ వచ్చిందని మీరు అనుకుంటున్నారు. అది అప్పుడు బయటపడింది, అంతే. అంతకుముందు ఎన్నేళ్ళ నుంచి లోపల ఉందో ఎవరూ చూడలేదు. అందుకని నాన్నగారిని రేపు పొద్దున్నే పెద్దాసుపత్రి సర్జరీ ఓపీకి తీసుకెళ్ళండి. పుండు చుట్టూ ఎర్రబడినా, వాసన వస్తున్నా, అంచు నల్లబడినా, జ్వరం తగిలినా రేపటిదాకా కూడా ఆగొద్దు, రాత్రయినా సరే క్యాజువాలిటీకి వెళ్ళండి. ఈలోపల సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, శుభ్రమైన గుడ్డ కట్టండి. పసుపు, సున్నం, బీడీ బూడిద ఏమీ పెట్టొద్దు. వేడినీళ్ళలో కాలు పెట్టించొద్దు. ఆ కాలికి వేడి తెలియదు కాబట్టి బొబ్బలెక్కినా తీయడు.

మీకు చెప్పడానికి నాకే కష్టంగా ఉన్న మాట ఇంకోటుంది. పుండు మానాలంటే దానిమీద బరువు పడకూడదు. ఆటోలో బ్రేకు తొక్కేది కుడికాలితో. పుండు ఉన్నది కుడికాలి బొటనవేలి కింద. అంటే బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయన పుండునే తొక్కుతున్నాడు. మందు ఎంత మంచిదైనా ఆ వేలు ఆ పెడల్ మీదే ఉంటే మానదు. కొన్ని వారాలు ఆటో ఇంకొకరికి బాడుగకు ఇవ్వడానికి వీలుంటుందేమో ఇవాళే మాట్లాడండి. కిందే బంధువులెవరైనా ఉంటే అన్నాళ్ళూ అక్కడ ఉంచడం మేలు, 180 మెట్లు ఆ కాలితో రోజూ ఎక్కి దిగకూడదు. పూట గడవడం కష్టమవుతుందని తెలుసు. అయినా వేలు తీసేయాల్సి వచ్చాక పోయే రోజులతో పోలిస్తే ఇవి తక్కువ.

పుండు మానేదాకా డాక్టర్లు ఇన్సులిన్ ఇవ్వవచ్చు. “ఇన్సులిన్ అన్నారంటే ఇక ఆఖరే” అని మెట్లమీద కూర్చున్న నలుగురూ అంటారు, వినొద్దు. పుండు తగ్గాక చాలామందిని మళ్ళీ మాత్రల మీదకు మారుస్తాం. ఫ్రిజ్ లేకపోయినా పరవాలేదు. మట్టికుండలో కొంచెం నీళ్ళు పోసి, మందు సీసాను మూత బిగుసుకునే డబ్బాలో పెట్టి అందులో ఉంచి, నీడలో పెట్టుకోండి. ఆటో డ్యాష్‌బోర్డులోనూ, రేకుల కప్పు కింద గూట్లోనూ పెట్టొద్దు.

రెండోకాలు కూడా ఓసారి చూడండి. నాన్నగారిని కళ్ళు మూసుకోమని, మీ చూపుడువేలి కొసతో ఒక్కో పాదానికి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు ఒక్కో క్షణం తాకండి. నొక్కొద్దు, తాకాలంతే. తాకినప్పుడల్లా చెప్పమనండి. మొత్తం ఆరింటిలో రెండుగానీ అంతకన్నా ఎక్కువగానీ తెలియకపోతే నరాలు దెబ్బతిన్నట్టే లెక్క, ఆ మాట డాక్టరుకు చెప్పండి.

ఇక మేడమ్‌గారి మాట దగ్గరికి వస్తాను. ఆవిడ చెడ్డమనిషని నేననుకోను. పదిహేనేళ్ళు షుగర్‌ని అదుపులో పెట్టుకోవడం తమాషా కాదు, ఆవిడ నిజంగానే కష్టపడి ఉంటారు. కాకపోతే ఆ కష్టంలో కొంత ఎవరిదో ఓసారి చూడండి. పొద్దున్నే ఆవిడ మొలకలు తింటారు, రాత్రి వాటిని నానబెట్టి మూటకట్టేది మీ అమ్మ. కీరదోస ముక్కలు తరిగేది, నూనె తక్కువ వేసి కూర వండేది, పుల్కాలు కాల్చేది మీ అమ్మ. ఆ పూట వంట చూసుకునే మనిషి ఉంది కాబట్టే ఆవిడ పున్నమి ఘాట్ వైపు ఓ గంట నడిచి రాగలుగుతున్నారు. ఆ కంట్రోల్‌లో సగం మీ అమ్మ చేతిది. అదే మీ అమ్మ ఇంటికొచ్చేసరికి మీకు అలా వండడానికి ఒంట్లో ఓపిక ఉండదు, కొనడానికి డబ్బూ ఉండదు. ఈ మాట అమ్మకి చెప్పండి, నాన్న కూడా వినేట్టు చెప్పండి. మేడమ్‌గారికి మాత్రం చెప్పొద్దు, అమ్మ ఉద్యోగం ముఖ్యం.

డబ్బున్నవాళ్ళ జబ్బు అన్నది ఒకప్పుడు నిజమే. నేను 1981లో గుంటూరులో హౌస్ సర్జన్‌గా చేరిన కొత్తలో షుగర్ పేషెంటంటే పొగాకు వ్యాపారో, ప్లీడరో, ఏడు వారాల నగలున్న పెద్దావిడో. “మాకు షుగర్ అండీ” అని చెప్పడంలో చిన్న గొప్ప కూడా ఉండేది. రిటైరయ్యేనాటికి నా బల్ల ముందు బెంచీమీద కూర్చున్నవాళ్ళు రిక్షా తొక్కినవాళ్ళు, మేస్త్రీలు, ఇడ్లీ బండి నడిపే ఆడవాళ్ళు. ప్లీడర్లకు జబ్బు పోలేదు, వాళ్ళు ఏసీ గదుల్లో చూపించుకుంటున్నారు. ఇది నా బెంచీ కథ ఒక్కటే కాదు. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 15 రాష్ట్రాల్లో చేసిన సర్వే 2017లో వచ్చింది. చండీగఢ్, మహారాష్ట్ర, తమిళనాడు పట్టణాల్లో ఉన్నవాళ్ళకన్నా లేనివాళ్ళలోనే షుగర్ ఎక్కువగా కనబడింది. దేశం మొత్తం మీద 10 కోట్ల పైచిలుకు మందికి షుగర్ ఉందని అదే సర్వే 2023లో లెక్క తేల్చింది.

ఇంగ్లండులో ఒక పాత అధ్యయనం ఉంది, మా క్లాసుల్లో విద్యార్థులకు తప్పకుండా చెప్పేవాణ్ణి. లండన్ సచివాలయంలో పనిచేసే గుమాస్తాలను, అధికారులను, బంట్రోతులను 1967 నుంచి గమనించారు. అందరికీ జీతాలొస్తున్నాయి, అందరికీ ఆసుపత్రి ఉచితమే, ఎవరూ పస్తులుండటం లేదు. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవాళ్ళు గుండెజబ్బుతో చనిపోవడం పై అధికారులకన్నా మూడు రెట్లు ఎక్కువ. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోంచి తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. రోజంతా ఇంకొకరు చెప్పినట్టు నడుచుకోవడం, మన పని మీద మనకు పెత్తనం లేకపోవడం శరీరానికి కూడా ఎక్కుతుందని ఆ పరిశోధకులు తర్వాతి అధ్యయనంలో అన్నారు. ట్రాఫిక్ చలానాలు, ఫైనాన్స్ కిస్తీలు, బేరమాడే ప్యాసింజర్ల మధ్య రోజు గడిపే మీ నాన్నకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. మనం టెన్షన్ అని ఒక్కమాటలో తేల్చేసేది ఇదే.

“సన్నగా ఉంటాడు, పొట్ట మాత్రం కనబడుతుంది” అని మీరు మామూలుగా రాసేశారుగానీ, దీనిమీద ఓ ప్రసిద్ధమైన ఫొటో ఉంది. పూణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్నారు, 2004లో అచ్చయింది. ఇద్దరూ సన్నగానే ఉంటారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే తెల్లాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. చూడటానికి ఒకేలా ఉన్నా లోపల సరుకు వేరు. మన మగవాళ్ళకు నడుం చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడమని అందుకే చెబుతాం. బరువు చూసే మిషను “నువ్వు బాగున్నావు” అన్నా టేపు ఊరుకోదు.

ఆ కొవ్వు ఎక్కడిది? కొంతవరకు పుట్టకముందు కథ. పూణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డలది 3.5. తల్లి కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ కండను తగ్గించుకుని కొవ్వును కాపాడుకుంటుంది. పుట్టాక కరువులోనే బతకాల్సి వస్తే అది పనికొచ్చే ఏర్పాటే. తర్వాత పట్నం వచ్చి కూర్చునే పనిలోకి మారితే అదే ఏర్పాటు ఎదురు తిరుగుతుంది. మీ నాన్న పుట్టింది 1970ల చివర్లో, పల్నాటి మెట్టపొలాల్లో. మీ నాయనమ్మ ఆయన్ని మోస్తూ కూలికి వెళ్ళిందో లేదో, ఆ ఏడు పంట వచ్చిందో లేదో మీ ఇంట్లోనే అడిగి చూడండి.

దీన్ని మార్చొచ్చనడానికి దాఖలా మన దగ్గరే ఉంది. 1987, 1990 మధ్య హైదరాబాద్ దగ్గర కొన్ని పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ నుంచి రోజూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మాలాంటిది పెట్టారు. పక్క పల్లెల్లో ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక మళ్ళీ పరీక్షించారు. ఉప్మా అందిన పల్లెల పిల్లల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. 2008లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు నాకు ఆ ఉప్మా వండిన ఆయాలు గుర్తొచ్చారు. వాళ్ళ జీతాల గురించి ధర్నా జరగని ఏడాది నాకు గుర్తులేదు.

మరి బస్తాలు మోసిన పదేళ్ళూ ఏమయ్యాయి? అవి ఊరికే పోలేదు. ఆ పదేళ్ళూ ఆయన కండ చక్కెరను కాల్చింది, జబ్బును వెనక్కి నెట్టింది. నడుం పడిపోయి ఆటో ఎక్కాక కాల్చే పని ఆగింది. తిండి మాత్రం టిక్కీలు మోసేనాటి తిండే, అదే పళ్ళెం, అంతే అన్నం. యార్డులో మోసి బయటికొచ్చిన చాలామందిలో నేనిది చూశాను.

అన్నాన్ని నేను తిట్టను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా వార్డులో ఆకలితో ఎండిపోయి వచ్చే పిల్లలు తగ్గడం కళ్ళారా చూసినవాణ్ణి. ఇబ్బంది ఏమిటంటే, ఆ తర్వాత ఇన్నేళ్ళలో చవగ్గా దొరికేది ఆ తెల్లబియ్యం ఒక్కటే అయింది. పప్పు, గుడ్డు, కూరగాయలు బజారు ధరకే కొనాలి. చేతిలో డబ్బు తగ్గినప్పుడు పళ్ళెంలో ముందు తగ్గేది కూర, దాని చోటు నింపేది అన్నం, అది గొంతు దిగడానికి పచ్చడి. పచ్చడంటే ఉప్పు, ఆ ఉప్పు నుంచి బీపీ. ఇందులో నోటి కంట్రోల్ ఎక్కడుంది?

ఆయన రోజు ఎలా గడుస్తుందో నేనే ఊహించి రాస్తాను, తప్పులుంటే దిద్దుకోండి. తెల్లవారుజామున రైళ్ళ టైముకు స్టేషన్‌కి. కొండమీద కొళాయి వచ్చే వేళా అదే కాబట్టి అంతకుముందే లేచి బిందెలు. టిఫిను పదింటికి, అదీ పునుగులో మైసూర్ బోండాయో, నిన్నటి నూనెలో వేసినవి. మధ్యాహ్నం భోజనానికి మెట్లెక్కి రావడం కష్టం, పెట్రోలు దండగ. అందుకని టీ. ఆకలిని తక్కువ ఖర్చుతో అణిచేది అదొక్కటే. చిన్న గ్లాసులో రెండు చెంచాల పంచదార, అంటే 10 గ్రాములు. ఏడు టీలకు 70. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. షుగర్ వల్ల మాటిమాటికీ మూత్రం వస్తుంది, స్టాండు దగ్గర మరుగుదొడ్డి ఉండదు, అందుకని మంచినీళ్ళు తాగడు. మే నెల ఎండలో ఆ పని కిడ్నీలకు ఎంత చెరుపో చెప్పలేను. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి ఒకేసారి కడుపునిండా అన్నం, వెంటనే నిద్ర. అదీ రేకుల కింద, పగటి వేడి ఇంకా దిగని గదిలో. రాత్రిపూట పని, నిద్రలేమి షుగర్‌ని పెంచుతాయని తెలియడానికి ఇప్పుడు కొత్త పరిశోధన అక్కర్లేదు.

ఈ రోజులో మనం పట్టుకోగలిగినవి కొన్నే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు టీ. ఒకేసారి మానిపించొద్దు, చిరాకుతో మళ్ళీ మొదలెడతాడు. ఈ వారం ఒక చెంచా, వచ్చే వారం అర, ఆపై పంచదార లేకుండా. ఆటోలో ఓ డబ్బా పెట్టండి, అందులో ఉడకబెట్టిన గుడ్డో, శనగలో పెసల గుగ్గిళ్ళో, పొద్దున తొమ్మిదికల్లా తినేట్టు. గుగ్గిళ్ళలో ఉప్పు వేయకుండా ఉల్లిపాయ, నిమ్మకాయ పిండండి. మధ్యాహ్నం దారిలో అన్న క్యాంటీన్ తగిలితే 5 రూపాయల భోజనం మంచిదే, అన్నం సగమే పెట్టించుకుని పప్పూ కూరా అడిగి వేయించుకోమనండి. రాత్రి పళ్ళెంలో అన్నం ఇప్పటి దాంట్లో సగం, మిగతా చోటు ఆకుకూర పప్పుకి. రైతుబజారులో సాయంత్రం మూసేవేళకు కట్టలు చవగ్గా ఇస్తారు, మీ అమ్మకు నేను చెప్పేదేమీ లేదు. గంజి వార్చితే షుగర్ పోతుందని కొందరు, రాగిజావ తాగితే తగ్గుతుందని కొందరు చెబుతారు. గంజి వార్చినా అన్నం అన్నమే. జావ పలచగా గొంతు దిగినంత త్వరగా రక్తంలోకీ దిగుతుంది, తింటే సంగటి ముద్ద చిన్నది తినాలి. పూర్తిగా నయం చేస్తామనే ఆకుమందుల వాళ్ళ జోలికి వెళ్ళొద్దు. బీడీ తాగే అలవాటుంటే పుండు మానేదాకానైనా ఆపించండి, బీడీ కాలివేళ్ళకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది.

మాత్రల విషయం. ఒంట్లో బాగోనప్పుడే వేసుకోవడం ఆయన ఒక్కడి బుద్ధి కాదు. జ్వరం వస్తే మాత్ర, తగ్గితే ఆపడం, ఇదే కదా మనందరికీ అలవాటు. బీపీ 160 ఉన్నా మనిషికి ఏమీ తెలియదు, షుగర్ 238 ఉన్నా తెలియదు. తెలిసేనాటికి పక్షవాతమో, కంటిచూపో, కాలో. ఇంకో కారణం కూడా ఉంటుంది, ఆయన మీకు చెప్పి ఉండడు. మాత్రలు తెచ్చుకోవడానికి వరసలో నిలబడితే ఆ రోజు ఆటో తిరగదు. కాబట్టి ఆయన్ని పంపకండి. పట్టణ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. పుస్తకం మీద నెలకోసారి మీరుగానీ తమ్ముడుగానీ తెచ్చేట్టు అక్కడి డాక్టరుతో మాట్లాడుకోండి. వార్డు సచివాలయంలో ఏఎన్ఎం, అంటే ఆరోగ్య కార్యకర్త, ఉంటారు, మీ మెట్ల వరసలో ఇలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో ఆమెకు చెప్పండి. అక్కడ మందు లేని రోజున జన్ ఔషధి షాపు, అవే మందులు బ్రాండ్ ధరలో కొంతకే దొరుకుతాయి. మందుల చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఈ ఊళ్ళో తక్కువ అద్దెకు దొరికేవి రెండే చోట్లు, కొండమీద, లేదా నీళ్ళొచ్చే పల్లంలో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మాత్రలూ చీటీలూ కూడా నీళ్ళపాలైనవాళ్ళున్నారు, ఏ మందు వాడుతున్నారో చెప్పలేకపోయారు.

ఒక ప్రమాదం మాత్రం గుర్తుంచుకోండి. ఇచ్చిన రెండు రకాల షుగర్ మాత్రల్లో ఒకటి ఇన్సులిన్‌ను పెంచేది అయ్యుండొచ్చు, డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. అలాంటిది వేసుకుని భోజనం మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు బైర్లు. ఆటో నడుపుతూ అలా అయితే వెనక కూర్చున్నవాళ్ళకూ ముప్పే. మళ్ళీ ఆటో ఎక్కే రోజు నుంచి జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉండాలి. అది టీలోకి కాదని గట్టిగా చెప్పండి.

వైద్యసేవ కార్డు ఉంది కదా అనుకోవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న ఆ కార్డు మంచిదే, ఎంతోమంది ప్రాణాలు నిలిపింది. అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక ఉపయోగపడేది. డయాలసిస్‌కు పనికొస్తుంది. డయాలసిస్ దాకా రాకుండా ఆపేది ఆ చిన్న తెల్ల మాత్ర. మనం వేలు పోయాక ఖర్చుపెట్టినంత ధారాళంగా వేలు ఉండగా పెట్టం. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఈ మాట మీటింగుల్లో అన్నాను, టీ బిస్కెట్లు వచ్చేవి.

ఊరికి వెళ్ళిపోదామా అన్నారు. మన దేశంలో దీనిమీద చక్కటి అధ్యయనం జరిగింది. హైదరాబాద్, నాగపూర్, లక్నో, బెంగళూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే, పల్లె నుంచి వలసొచ్చిన వాళ్ళను తీసుకుని, పల్లెలోనే ఉండిపోయిన వాళ్ళ తోబుట్టువులతో పోల్చారు. ఒకే తల్లి పిల్లలు, చిన్నప్పుడు తిన్నది ఒకే తిండి. 2010లో ఫలితాలొచ్చాయి. మగవాళ్ళలో చూస్తే, పల్లెలో ఉన్నవాళ్ళలో షుగర్ 6.2 శాతం, పట్నం వచ్చినవాళ్ళలో 14.3. పట్నంలోనే పుట్టి పెరిగినవాళ్ళతో దాదాపు సమానం. కాబట్టి పట్నానికి పాత్ర ఉంది, మీ అనుమానం నిజమే. అయితే ఆ పల్లె ఇప్పుడు లేదు. 2003 తర్వాత గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలు పరిశీలిస్తేనే దాదాపు మూడోవంతు గుండె, పక్షవాతం జబ్బులవని తేలింది. ఊళ్ళో ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు, తిరగడానికి బండి, మూల కొట్టులో కూల్‌డ్రింకు. పైగా అక్కడ మీ నాన్నకు పనేది? పాదం డాక్టరు ఎంత దూరం? తమ్ముడి చదువో? వెళ్ళొద్దు. పండక్కి వెళ్ళి రండి.

మీకూ తమ్ముడికీ వస్తుందా అంటే, రావడానికి అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ, రాసిపెట్టి మాత్రం లేదు. చెన్నైలో షుగర్ అంచున ఉన్నవాళ్ళ మీద చేసిన పరీక్షలో తిండి, నడక మార్పులతోనే మూడేళ్ళలో జబ్బు ముదరడం సుమారు 28 శాతం తగ్గిందని 2006లో తేలింది. ప్రభుత్వం పరీక్షలు 30 ఏళ్ళు దాటినవాళ్ళకు చేస్తోంది, మీరు అన్నాళ్ళు ఆగొద్దు. తండ్రికి నలభైల్లోనే వచ్చింది కాబట్టి ఇద్దరూ ఈ నెలలోనే ఒకసారి చూపించుకోండి, బాగుంటే ఏడాదికోసారి. ఆ మెట్లు మీకు శిక్షేగానీ, ఆ వయసులో గుండెకు అంతకన్నా మంచి వ్యాయామం నేను కొనిపెట్టలేను. తమ్ముడి కూల్‌డ్రింకుల మీద ఓ కన్నేయండి.

మీ షాపులో కూర్చోవడానికి స్టూలు ఇస్తారా? సేల్స్ అమ్మాయిలకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు చేశాయి. మన దగ్గర అడిగితే ఏమంటారో నాకు తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. భోజనం మాత్రం నాలుగింటికి కాకుండా ఒంటిగంటకు తినేట్టు పక్కమ్మాయితో వంతులేసుకోండి. రక్తం ఎంతుందో కూడా అదే రోజు చూపించుకోండి. మీ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత మామూలైపోయింది. రేపెప్పుడైనా మీరు తల్లి కావాలనుకుంటే, మీ నాయనమ్మ కథ దగ్గర నుంచి మొదలైనదాన్ని మీ దగ్గర ఆపే వీలు ఉంటుంది. అది మీ ఇష్టం, తొందరేం లేదు.

ఇంకొకటి. మీ ఉత్తరంలో నాన్న వయసుంది, ఆయన షుగర్, బీపీ ఉన్నాయి. మేడమ్‌గారికి ఎన్నేళ్ళుగా షుగరో ఉంది. మీ వయసూ ఉంది. అమ్మ గురించి ఆమె ఏం పనిచేస్తుందో, ఏమందో ఉంది, ఆమెకు ఎంత వయసో లేదు, ఎప్పుడైనా బీపీ చూపించుకుందో లేదో లేదు. రేపు నాన్నతో పాటు ఆమెను కూడా తీసుకెళ్ళండి. పరగడుపున రమ్మనండి. మేడమ్‌గారికి ఒక పూట సెలవని ఫోన్ మీరే చేయండి, అమ్మయితే అడగదు.